చూపు ముందు తగ్గిందా, బిళ్ళ ముందు కట్టిందా? రక్త క్యాన్సరుతో పోయే చూపు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నాది ఒడిశాలోని గుణుపూరులో కళ్ళద్దాల కొట్టు. డాక్టర్ని కాదు, పవర్ చూసి అద్దాలు చేసిచ్చేవాణ్ణి. మా చిన్నమావయ్యకి నాలుగు నెలల లోపే మూడు జతలు చేసిచ్చాను. మూడూ పనికిరాలేదు. ఆయన ఒంట్లో లింఫోమా అనే రక్త క్యాన్సరు ఉందని, కంటికి వచ్చిన తగువు దాని వల్లేనని తర్వాత తేలింది. అప్పట్నుంచి రాయగడ, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వైపు మనవాళ్ళ ఇళ్ళలో క్యాన్సరూ కన్నూ కలిసి కనబడితే ఎవరో ఒకరు నా నంబరు ఇస్తున్నారు. వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవే ఇక్కడ రాశాను. మావయ్యకి చూసిన డాక్టర్లని నేను పదేపదే అడిగి తెలుసుకున్నవి ఇవి. మందు మార్చేది, ఆపేది మాత్రం మీ డాక్టరుగారే.

రక్తంలో క్యాన్సరు ఉంటే కంటికేమవుతుంది? అక్కడికి పాకుతుందా?

పాకడం వేరు, ఇది వేరు. తెల్లకణాల్లో బి కణాలని ఒక జాతి ఉంది. బయటి క్రిముల మీదికి యాంటీబాడీలు పంపే వంశం వాటిది. లింఫోమాల్లో చాలా రకాలు, ల్యుకేమియాల్లో కొన్ని, మైలోమా ఈ వంశానికే పట్టే క్యాన్సర్లు. కాపలా వాడికే మతి చెడితే ఇల్లెలా ఉంటుందో ఒళ్ళు అలా ఉంటుంది. దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా ఉన్నవాళ్ళలో నూటికి 5 నుంచి 10 మందికి, తమ ఎర్రకణాలని తామే పగలగొట్టుకునే రక్తహీనత వస్తుంది. ఆ మతిచెడ్డ దెబ్బ కంటికి తగలడం దానికంటే చాలా అరుదు.

కంటి వెనక గోడకి ఉండే పొర రెటీనా. దానిలో వెలుతురుని పట్టే కణాలుంటాయి. వాటిలో రికవరిన్, ఇనోలేజ్ లాంటి ప్రోటీన్లు పనిచేస్తుంటాయి. ఎక్కడో మెడలోనో కడుపులోనో ఉన్న క్యాన్సరు కణం అలాంటి ప్రోటీనునే బయటపెడితే, రోగనిరోధక శక్తి దాని మీద యుద్ధం ప్రకటిస్తుంది. అదే ఆయుధం కంట్లో ఉన్న అసలు ప్రోటీను మీద కూడా పడుతుంది. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరగడమంటారే, అదీ సంగతి. కంట్లో గడ్డ ఉండదు, పుండు ఉండదు, క్యాన్సరు కణం ఒక్కటీ ఉండదు. అయినా చూపు పోతుంది. డాక్టర్లు దీన్ని పారానియోప్లాస్టిక్ రెటినోపతీ అంటారు. క్యాన్సర్ అసోసియేటెడ్ రెటినోపతీ, పొట్టిగా 'కార్' అని కూడా అంటారు.

రెటీనాకి బదులు కంటి నరానికి తగిలితే అది ఆప్టిక్ న్యూరోపతీ. హాడ్జ్‌కిన్ లింఫోమాలో ఇంకో చిత్రం జరుగుతుంది. యాంటీబాడీలు చిన్నమెదడు మీద పడి నడక తూలుతుంది, కళ్ళు ఉయ్యాలలా ఊగుతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది. అక్కడ పోయేది చూపు కాదు, చూపుకి నిలకడ.

ఇది ఎప్పుడు బయటపడింది? మన దగ్గరే ఎందుకు వినలేదు?

1976లో అమెరికా డాక్టర్లు ముగ్గురు రోగుల్లో దీన్ని వర్ణించారు. వాళ్ళవి రక్త క్యాన్సర్లు కావు, ఊపిరితిత్తులవి. ఇప్పటికీ ఎక్కువ కేసులు ఊపిరితిత్తుల చిన్నకణ క్యాన్సరులోవే. తర్వాత రొమ్ము, గర్భాశయం, అండాశయం. లింఫోమా, ల్యుకేమియా, మైలోమా వరసలో వెనకున్నాయి. అరుదైనదే. అందుకే జిల్లా స్థాయిలో ఎవరికీ చటుక్కున తట్టదు.

లక్షణాలు ఎలా ఉంటాయి?

మా మావయ్యకి కిరాణా కొట్టు. 2024లో రథయాత్ర ముందు, జులై మొదట్లో నా దగ్గరికి వచ్చి, "ఒరే, సాయంత్రం అయితే లెక్క తప్పుతన్నానురా, పవర్ పెరిగినట్టుంది సూడు" అన్నాడు. చూశాను. చార్టులో 6/9 వరస దాకా చదివాడు. నిండు చూపంటే 6/6, కింది అంకె పెరిగేకొద్దీ చూపు తగ్గినట్టు. పవర్ పావు మార్చి కొత్త అద్దాలిచ్చాను.

తర్వాత కొట్లో కూర్చుని చూశాను. వంద నోటూ ఐదొందల నోటూ ట్యూబ్‌లైటు కిందికి ఎత్తి తిప్పితిప్పి చూస్తున్నాడు. ఊదా రంగు, బూడిద రంగు ఆయనకి ఒకటైపోయాయి. ఎండలోంచి కొట్లోకి వస్తే ఐదు నిమిషాలు ఏమీ కనబడక గుమ్మం పట్టుకుని నిలబడేవాడు. కళ్ళు మూసుకున్నా "ఎవడో వెల్డింగు చేస్తన్నట్టుందిరా" అనేవాడు. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనిపిస్తుంది, పక్కన పెట్టిన నూనె డబ్బా కనబడక తన్నేవాడు. మధ్యలో చూపు బాగుండి చుట్టూ కంకణంలా చీకటి. దాన్ని రింగ్ స్కోటోమా అంటారట.

ఈ జబ్బు ఆనవాళ్ళన్నీ ఇందులో ఉన్నాయి: మెరుపులు, మిణుకులు, రేచీకటి, వెలుతురు మారితే కన్ను తేరుకోకపోవడం, రంగులు వెలవడం, పక్క చూపు పోవడం. నొప్పి ఉండదు. కన్ను ఎర్రబడదు. సాధారణంగా రెండు కళ్ళకీ వస్తుంది, అయితే ఒకటి ముందు ఒకటి వెనక కావచ్చు. శుక్లంలా సంవత్సరాలు తీసుకోదు. వారాల్లో, నెలల్లో ముదురుతుంది.

రేచీకటి అంటే విటమిన్ ఎ తక్కువ అనే కదా?

పిల్లల్లో ముందు అదే అనుమానించాలి. యాభై దాటి, తిండి బాగానే ఉన్న మనిషికి, పోయినేడు లేనిది ఈ ఏడు వచ్చిందంటే చేప కాలేయం నూనె తాగుతూ నెలలు గడపకండి. పుట్టుకతో వచ్చే రెటినైటిస్ పిగ్మెంటోసా కూడా రేచీకటే తెస్తుంది, కానీ అది చిన్నప్పటి నుంచీ నెమ్మదిగా నడుస్తుంది, చాలాసార్లు వంశంలో ఇంకెవరికో ఉంటుంది. "ఎప్పట్నుంచి?" అన్న ఒక్క ప్రశ్నకి జవాబుతో సగం దారి దొరుకుతుంది.

కంట్లో చుక్కలు వేసి చూసి "రెటీనా బాగుంది" అన్నారు. మరి చూపెందుకు తగ్గుతోంది?

మొదట్లో రెటీనా నిజంగానే బాగున్నట్టు కనిపిస్తుంది. ఈ జబ్బు పెట్టే పెద్ద తిరకాసు అదే. కరెంటు పోయిన ఇంటికి బయట సున్నం బాగానే ఉంటుంది కదా. లోపల కరెంటు వస్తోందా లేదా అని చూసే పరీక్ష ఈఆర్‌జీ. రెటీనా పుట్టించే విద్యుత్తుని కొలుస్తుంది. కార్ ఉంటే అది బాగా పడిపోయి ఉంటుంది. రెటీనా పొరలు పల్చబడ్డాయా అన్నది ఓసీటీలో తెలుస్తుంది. చుట్టూ ఎంత మేర కనిపిస్తుందో చూసే ఫీల్డ్ టెస్టులో ఆ కంకణం బొమ్మగా పడుతుంది. ఫీల్డ్, ఓసీటీ చాలాచోట్ల దొరుకుతాయి. ఈఆర్‌జీకి మాత్రం పెద్ద కంటి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

మా వృత్తివాళ్ళకి ఒక మాట. పిన్‌హోల్ అంటే సన్న బెజ్జం ఉన్న పలక. అది కంటి ముందు పెట్టి చూస్తే వరస పెరగలేదంటే తప్పు అద్దానిది కాదు. శుక్లమో, రెటీనానో, నరమో, ఏదైనా కావచ్చు గానీ మన కొట్టు పని మాత్రం కాదు. గల్లాపెట్టె పక్క సొరుగులోనే ఉంది నా పిన్‌హోల్. మావయ్యకి మూడుసార్లు చూశాను. ఒక్కసారీ తియ్యలేదు. ఇంటి మనిషి కదా అని తొందర తొందరగా కానిచ్చేశాను.

మెడలో బిళ్ళ ఉంది, టీబీ మందులు వాడుతున్నాం. చూపు తగ్గింది ఆ మందుల వల్లేనా?

కావచ్చు, కాకపోవచ్చు. దీనికి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో తప్పటడుగు పడింది ఇక్కడే.

మన వైపు మెడలో బిళ్ళ కట్టిందంటే గండమాల అంటారు, గండమాల అంటే టీబీ అంటారు. చాలాసార్లు నిజమే. మావయ్యకి ఎడమ మెడ కింద రెండు బిళ్ళలు, గట్టిగా, నొప్పి లేకుండా. ఒక ప్రైవేటు క్లినిక్కులో తడిమి చూసి, ముక్క తీయించకుండానే సెప్టెంబరు 10న టీబీ మాత్రలు మొదలుపెట్టారు. ఆ మాత్రల్లో ఇథాంబుటాల్ ఉంటుంది. అది కొందరికి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, ఎరుపు ఆకుపచ్చ తేడా చెరుపుతుంది. అందుకే అక్టోబరులో చూపు బాగా పడిపోయేసరికి అందరూ "మాత్రలు వేడి చేశాయి" అన్నారు. ఆ ఒక్క మాత్ర ఆపేశారు. మళ్ళీ ఒక నెల పోయింది.

ఆఖరికి విశాఖలో రెటీనా డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న: "చూపు ముందు తగ్గిందా, మాత్రలు ముందు మొదలయ్యాయా?" ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో మాట. అత్తయ్య దసరా తర్వాత అంది, పెద్దబ్బాయి చవితి అన్నాడు. అప్పుడు నా కొట్టు రిజిస్టరు గుర్తొచ్చింది. ఫోన్ చేసి మా కుర్రాడి చేత ఫోటోలు తీయించాను. జులై 4, 6/9. ఆగస్టు 29, 6/12. అక్టోబరు 18, 6/18. పవర్ గడిలో అంకెలు దాదాపు కదల్లేదు, పక్క గడిలో చదివిన వరస మాత్రం మెట్టు మెట్టుగా దిగింది. మాత్రలు మింగకముందే రెండు మెట్లు దిగాడు. డాక్టరుగారు ఫోను పెద్దది చేసి చూసి, "ఇది ఇథాంబుటాల్ కథ కాదు" అన్నారు. ఆ మందు సాధారణంగా నడిమి చూపు మీద పడుతుంది, అదీ వాడిన నెలల తర్వాత. ఈయనకి రేచీకటి, మెరుపులు, పక్క చూపు.

ఈఆర్‌జీ చేశారు. మెడ బిళ్ళ మొత్తం తీసి బయాప్సీకి పంపించారు. డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా అని వచ్చింది. సూది పెట్టి తీసే పరీక్షలో లింఫోమా ఒక్కోసారి చిక్కదు, వీలైతే బిళ్ళనే తీసి పంపాలని అక్కడ చెప్పారు.

ఇథాంబుటాల్ మీద భయంతో టీబీ మందులు మీ అంతట మీరు ఆపకండి. నిజంగా టీబీ ఉంటే సగంలో ఆపడం ఇంకా ప్రమాదం. మొదలుపెట్టే రోజే ఒకసారి చూపు, రంగులు పరీక్ష చేయించి కాగితం దాచుకుంటే చాలు.

కంటి జబ్బు ముందొచ్చి, క్యాన్సరు తర్వాత బయటపడుతుందా?

అవును. కార్ వచ్చినవాళ్ళలో చాలామందికి కన్నే మొదటి కబురు. అందుకే కారణం లేని ఇలాంటి చూపు నష్టం కనబడితే డాక్టర్లు ఛాతీ, పొట్ట స్కానులు, అవసరమైతే పెట్ స్కాన్ రాస్తారు. "కన్ను చూపించుకోవడానికొస్తే పొట్ట స్కానేంటి, దోపిడీ" అని కోప్పడేవాళ్ళుంటారు. ఈ ఒక్కచోట ఆ కోపం వద్దు.

రక్తంలో రెటీనా యాంటీబాడీలు ఉన్నాయని రిపోర్టు వస్తే తేలిపోయినట్టేనా?

కాదు. ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా అవి కొన్ని కనిపిస్తాయి. రిపోర్టు, ఈఆర్‌జీ, లక్షణాలు, దొరికిన క్యాన్సరు అన్నీ ఒకే మాట చెబితేనే నమ్ముతారు. ఆ పరీక్ష అన్ని ల్యాబుల్లో ఒకేలా ఉండదు కూడా. అది రాలేదని వైద్యం ఆపరు.

స్టెరాయిడ్ వేస్తే వెంటనే తగ్గుతుందట. మా డాక్టరు ఎందుకు ఆలస్యం చేస్తున్నారు?

ఆయన మంచి డాక్టరు కాబట్టి.

కంటిలోపల విట్రియస్ అనే జెల్లీ ఉంటుంది. దానిలో, రెటీనాలో నేరుగా పెరిగే లింఫోమా ఒకటుంది, విట్రియోరెటీనల్ లింఫోమా. పైకి అది అచ్చం వాపులా, యువైటిస్‌లా కనిపిస్తుంది. మసక, తేలే చుక్కలు, ఎరుపు లేని కన్ను. యువైటిస్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే కొద్దిరోజులు తగ్గుతుంది కూడా. ఎందుకంటే స్టెరాయిడ్ లింఫోమా కణాల్ని కరిగిస్తుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ ఇస్తారు. ఆఖరికి అనుమానం వచ్చి జెల్లీ తీసి పరీక్షకి పంపితే, సగం చచ్చిన కణాలతో రిపోర్టు ఏమీ తేలదు. ఈలోగా జబ్బు మెదడుకి చేరవచ్చు. ఈ లింఫోమాకి మెదడుతో చుట్టరికం ఎక్కువ, సగానికి పైగా రోగుల్లో ఎప్పుడో ఒకప్పుడు అక్కడ కనబడుతుంది. అందుకే మెదడుకి ఎంఆర్ఐ తప్పకుండా తీస్తారు.

కాబట్టి యాభై దాటినవాళ్ళకి, స్టెరాయిడ్ ఆపగానే తిరగబెట్టే యువైటిస్ అయితే, ముందు జెల్లీ పరీక్ష, తర్వాత స్టెరాయిడ్. వీలుంటే స్టెరాయిడ్ కొన్నాళ్ళు ఆపి మరీ జెల్లీ తీస్తారు. ఆ జెల్లీలో ఇంటర్‌ల్యూకిన్-10, ఇంటర్‌ల్యూకిన్-6 కంటే ఎక్కువ ఉంటే లింఫోమా వైపు మొగ్గుతారు. ఎంవైడీ88 అనే జన్యువులో మార్పు కోసమూ చూస్తారు. టీబీ, సిఫిలిస్ ఉన్నాయేమో తేల్చుకోకుండా స్టెరాయిడ్ ఇవ్వకపోవడానికి కూడా ఇలాంటి కారణమే.

మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చుకునే అలవాటు మన ఊళ్ళలో ఎంత ఉందో నాకు తెలుసు, నా కొట్టు పక్కనే మందుల షాపు. ఎర్రగా ఉందా, ఇదిగో సీసా. ఎక్కువ రోజులు వాడితే శుక్లం, నీటికాసులు రెండూ వచ్చి కూర్చుంటాయి.

కీమో నడుస్తోంది. చూపులో ఏ తేడా వచ్చినా ఇదే జబ్బా?

కాదు, ఎక్కువసార్లు వేరే. ల్యుకేమియాలో రక్తం, ప్లేట్‌లెట్లు పడిపోయి రెటీనా మీద మచ్చలుగా నెత్తురు చిమ్ముతుంది, కొన్ని మచ్చల నడుమ తెల్ల చుక్క ఉంటుంది. కౌంటు కోలుకుంటే అది చాలావరకు సర్దుకుంటుంది. వాల్డెన్‌స్ట్రామ్ అనే బి కణాల క్యాన్సరులో, కొన్ని మైలోమాల్లో యాంటీబాడీ ప్రోటీను రక్తంలో ఎంత పేరుకుంటుందంటే రక్తం పాకంలా చిక్కబడి రెటీనా సిరలు అక్కడక్కడ ఉబ్బి, నొక్కుకుని, పూసల దండలా కనిపిస్తాయి. ఇది కూడా ఒకరకంగా యాంటీబాడీ గోలే, కాకపోతే దాడి కాదు, దారి మూసెయ్యడం. ప్లాస్మా మార్పిడి చేస్తే తొందరగా తేలికవుతుంది. తలనొప్పి, ముక్కు నుంచి నెత్తురు, మగత కూడా ఉంటే రేపటిదాకా ఆగకూడదు.

ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు సైటోమెగలోవైరస్ రెటీనాని తినేస్తుంది. హాడ్జ్‌కిన్‌కి వాడే నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి మందులు రోగనిరోధక శక్తి కళ్ళెం వదిలేస్తాయి కాబట్టి కొద్దిమందికి కంట్లో వాపు వస్తుంది. వైరస్‌కి స్టెరాయిడ్ విషం, ఈ వాపుకి స్టెరాయిడే మందు. ఫోన్లో విని ఎవరూ చెప్పలేరు, చుక్కలు వేసి చూడాల్సిందే.

మా అబ్బాయికి సికిల్ సెల్. అదీ రక్తం జబ్బే కదా, చూపు పోతుందా?

ఇది రాయగడ, కోరాపుట్ వైపు నుంచి ఎక్కువగా వస్తుంది. సికిల్ సెల్ క్యాన్సరు కాదు, పుట్టుకతో వచ్చేది. కొడవలి ఆకారం పట్టిన ఎర్రకణాలు రెటీనా అంచుల్లో సన్నని నాళాల్ని మూసేస్తాయి. అక్కడ కొత్త నాళాలు పిచ్చి మొక్కల్లా మొలిచి చిట్లుతాయి. లేజర్ వైద్యం ఉంది. పదేళ్ళు దాటిన పిల్లలకి చూపు బాగున్నా సరే మధ్యమధ్య రెటీనా చూపించండి. కేంద్రం 2023 జులై 1న మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద రక్త పరీక్షలు చేస్తున్నారు. ఆ కార్డు ఉంటే కంటి డాక్టరుకి చూపించండి, వాళ్ళకై వాళ్ళు అడగరు.

ఎముక మజ్జ మార్పిడి అయింది. కళ్ళలో ఇసుక పోసినట్టుంది. మజ్జ పడలేదా?

మజ్జ పట్టింది, పట్టి అది కొత్త ఇంట్లో పెత్తనం మొదలుపెట్టింది. ఇంకొకరి మజ్జ పెట్టినప్పుడు దానిలోంచి పుట్టిన రోగనిరోధక కణాలు ఈ శరీరాన్ని పరాయిదనుకుంటాయి. గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ డిసీజ్, జీవీహెచ్‌డీ. దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ ఉన్నవాళ్ళలో దాదాపు సగంమందికి కళ్ళు తగులుతాయి. కన్నీటి గ్రంథులు ఎండిపోతాయి. మంట, ఎరుపు, వెలుతురు పడకపోవడం, పొద్దున్నే రెప్పలు అతుక్కుపోవడం. తన మజ్జే తీసి తనకే పెట్టినవాళ్ళకి, అంటే మైలోమాలో ఎక్కువగా చేసే రకానికి, మామూలుగా ఇది రాదు.

దీన్ని "కళ్ళు పొడిబారాయి" అని తేలిగ్గా తీసుకోవద్దు. నల్లగుడ్డు మీద పుండు పడి చిల్లు పడే దాకా పోవచ్చు. ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీళ్ళు, సైక్లోస్పోరిన్ చుక్కలు, కన్నీటి రంధ్రాలకి చిన్న బిరడాలు, రోగి రక్తం నుంచే తీసిన సీరం చుక్కలు ఇలా మెట్లున్నాయి. అవీ చాలకపోతే స్క్లీరల్ లెన్సు. మామూలు కాంటాక్ట్ లెన్సులా నల్లగుడ్డు మీద కూర్చోదు, తెల్లగుడ్డు మీద ఆనుకుని, లోపల సెలైన్ నీటిని మడుగులా పట్టి ఉంచుతుంది. హైదరాబాదు ఎల్వీ ప్రసాద్‌లో అమరుస్తారు. అమర్చుకున్న ఒకావిడ నాతో "నాలుగు నెలల తర్వాత ఫ్యాను కింద పడుకున్నాను బాబూ" అంది.

వైద్యం ఏమిటి? పోయిన చూపు వస్తుందా?

అసలు వైద్యం క్యాన్సరుకే. దానితోపాటు యాంటీబాడీల పోరు తగ్గించేవి: స్టెరాయిడ్ డోసులు, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్లు, ప్లాస్మా మార్పిడి, రిటుక్సిమాబ్. బి కణాల లింఫోమాలో రిటుక్సిమాబ్‌కి రెండు పనులు. క్యాన్సరు కణాన్నీ కొడుతుంది, యాంటీబాడీలు పుట్టించే మూలాన్నీ కొడుతుంది. మావయ్యకి 21 రోజులకోసారి ఆరు విడతలు కీమోతో కలిపి ఎక్కించారు. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. ఒంట్లో ఎప్పుడో వచ్చి నిద్రపోతున్న ఆ వైరస్ ఈ మందుతో లేచి కాలేయాన్ని పట్టుకుంటుంది. మీ ఫైల్లో ఆ రిపోర్టు లేకపోతే అడగండి, మొహమాటం వద్దు.

చచ్చిపోయిన వెలుతురు కణం తిరిగి మొలవదు. దెబ్బతిని ఇంకా చావనివి కొంత తేరుకుంటాయి. అందుకే వైద్యంతో కొందరికి కొంచెం మెరుగవుతుంది, ఎక్కువమందికి ఉన్నది నిలుస్తుంది, కొందరికి అదీ నిలవదు. "పూర్తిగా బాగు చేస్తాం" అన్నవాళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చెయ్యండి.

ఎక్కడికి వెళ్ళాలి?

రాయగడలో ఎల్వీ ప్రసాద్ వారి కంటి కేంద్రం ఉంది, మొదటి చూపు అక్కడ అవుతుంది. ఆపైన విశాఖ, భువనేశ్వర్ శాఖలు. రాయగడ, గుణుపూరు, పర్లాకిమిడి వాళ్ళకి విశాఖ దగ్గర, బరంపురం వాళ్ళకి భువనేశ్వర్. క్యాన్సరుకైతే విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి, భువనేశ్వర్ ఎయిమ్స్, కటకం ఎస్సీబీ మెడికల్ కాలేజీలో హెమటాలజీ, అంటే రక్త జబ్బుల విభాగం. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మొదలుపెట్టినా తప్పులేదు. కన్ను ఒక ఊళ్ళో, క్యాన్సరు ఇంకో ఊళ్ళో చూపించుకుంటే కాగితాలు మోసే బాధ్యత ఇంట్లో ఒక్కరికే అప్పగించండి. కంటి డాక్టరు క్యాన్సరు ఫైలు చూడాలి, క్యాన్సరు డాక్టరు ఈఆర్‌జీ చూడాలి. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారులే అని ఊరుకుంటే మధ్యలో నెల పోతుంది.

మాది ఒడిశా కార్డు. ఆంధ్రాలో చెల్లుతుందా? రైలుకి రాయితీ ఉందా?

ఆరోగ్యశ్రీ (ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) మనకి రాదు, అది ఆంధ్రావాళ్ళది. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్‌ని గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి నడుపుతున్నారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్ళకి ఇంకో 5 లక్షలు. జాబితాలో ఉన్న బయటి రాష్ట్రాల ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. బయల్దేరేముందు ఆ ఆసుపత్రి ఆయుష్మాన్ కౌంటరుకి ఫోన్ చేసి, మీకు రాసిన వైద్యం ప్యాకేజీలో ఉందా అని అడగండి. కార్డు తీసుకుంటారు గానీ ఇమ్యునోగ్లోబ్యులిన్ లాంటివి దానిలోకి రాకపోవచ్చు, అక్కడ పేచీ వస్తుంది.

వైద్యానికి వెళ్ళే క్యాన్సరు రోగికి రైల్లో స్లీపరు, థర్డ్ ఏసీ ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్ళేవాళ్ళకి 75 శాతం తగ్గింపు. రైల్వే ఫారం మీద ఆసుపత్రి డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి. మా ఇంట్లో ఇది తెలిసేసరికి నాలుగుసార్లు నిండు టికెట్టు కొన్నాం.

వికలాంగ సర్టిఫికెట్ ఇస్తారా? చార్టు బాగానే చదువుతున్నారు అంటున్నారు.

చార్టు ఒక్కటే లెక్క కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, బాగున్న కంట్లో చూపు మేర 40 డిగ్రీల లోపుకి కుంచించుకుపోతే మందదృష్టి, 10 డిగ్రీల లోపుకి వెళ్తే అంధత్వం, చార్టు ఎంత చదివినా సరే. పక్క చూపు పోయినవాళ్ళు ఫీల్డ్ టెస్టు రిపోర్టు లేకుండా బోర్డు ముందుకి వెళ్ళకండి. యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డుకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి జిల్లా ఆసుపత్రికి వెళ్ళాలి. 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి.

ఈ కార్ జబ్బు పిల్లలకి వస్తుందా? అంటుకుంటుందా? కంట్లో పసరు పోయిస్తే?

వారసత్వం కాదు, అంటుకోదు. పసరు వద్దు. మజ్జిగౌరమ్మకి మొక్కుకోండి, నేనూ మొక్కాను, కంట్లో మాత్రం ఏమీ పొయ్యకండి.

డాక్టరుకి ఒడియాలో ఎలా చెప్పాలి?

మనవాళ్ళు లోపలికి వెళ్ళగానే "ఝాప్సా దిశుఛి" అనేసి ఊరుకుంటారు. మసకగా ఉంది అంటే శుక్లమూ మసకే, పవరూ మసకే. డాక్టరుకి కావలసింది ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నవి. చీకట్లో ఎక్కువా, ఎండలోనా? మధ్యలోనా, పక్కలా? మెరుపులున్నాయా? ఒడియా రాకపోతే తెలుగులోనే చెప్పండి, బరంపురంలో చాలామందికి అర్థమవుతుంది.

ఒక కాగితం మీద వరసగా తేదీలు రాసుకెళ్ళండి: చూపు మొదట తేడా వచ్చింది, బిళ్ళ కనబడింది, ఏ మాత్ర ఎప్పుడు మొదలైంది, స్టెరాయిడ్ ఎప్పుడు పడింది, కీమో ఏ తేదీన. తేదీ గుర్తులేకపోతే పండగ రాయండి. పాత అద్దాల చీటీలు పారేయకండి. నా కొట్లో ఇప్పుడు ప్రతి చీటీ మీదా పవర్‌తోపాటు చదివిన వరస, పిన్‌హోల్‌తో చదివిన వరస రెండూ రాసి ఇస్తున్నాను. మీ ఊళ్ళో అద్దాలవాణ్ణి కూడా అడగండి, అరనిమిషం పని.

మీ మావయ్య ఇప్పుడెలా ఉన్నారు?

లింఫోమా అణిగింది. చూపు మూడో జత దగ్గర ఆగిపోయింది, 6/18. రాత్రిపూట బయటికి వెళ్ళడు. సాయంత్రం ఆరు దాటితే కొట్లో కుర్రాడు ఉంటాడు, పగలు మాత్రం ఆయనే. రంగుతో పనిలేకుండా నోటు గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. కొత్త నోట్ల అంచుల్లో చేతికి తగిలే గీతలుంటాయి కదా, వందకి నాలుగు, ఐదొందలకి ఐదు. రెండొందలకి నాలుగు గీతల నడుమ రెండు సున్నాలు. బొటనవేలు ఇలా ఒకసారి జరిపి గల్లాలో పడేస్తాడు. రిజర్వు బ్యాంకు వారి 'మణి' యాప్ ఫోన్లో పెట్టిచ్చాను, అది నోటు చూసి విలువ పైకి చెబుతుంది. బేరం మధ్యలో ఫోను తియ్యడం ఆయనకి నచ్చదు. ఇరవై, పదికి గీతలుండవు. నలిగిన పదినోటు చేతికొస్తే మాత్రం, "ఒరే, ఇదేటో సూడు" అని నన్నే కేకేస్తాడు, నా కొట్టు రోడ్డుకి అవతలే కాబట్టి.